నెలగంట లోపు మైకుసెట్టు పెట్టె (ప్రాజెక్టు డైరీ)

2025 నవంబరు మొదట్లో

ముందు పనేంటో రాసేస్తాను. సఖినేటిపల్లి అవతల మా ఊళ్ళో రామాలయం మైకు దగ్గర్నించి పెళ్ళిళ్ళు, తీర్థాలు, వినాయకచవితి పందిళ్ళ దాకా అన్నిటికీ మైకుసెట్టు బాబాయే. ఆయన షెడ్డులో పాతికేళ్ళ పాటలు ఐదారు రకాల వస్తువుల్లో పడున్నాయి, వాటన్నిటినీ ఒక్క పెట్టెలోకి తెచ్చి, తెల్లారుజామున కళ్ళు తెరవకుండా కూడా నొక్కగలిగేలా పెద్ద బటన్లు పెట్టి, వైరు అహూజా ఆంప్లిఫైయర్ వెనకాల ఆక్స్‌లో గుచ్చేస్తే మోగిపోయేలా చెయ్యాలి. గడువు నెలగంట. డిసెంబరు 16న ధనుర్మాసం మొదలు, ఆ తెల్లారుజాముకి పెట్టె మోగాలి. లేదంటే బాబాయ్ మళ్ళీ ఫోన్లో ఏదో వీడియో పెట్టి మైకు దగ్గర ఆనిస్తాడు, సుప్రభాతం సగంలో ఆగి ఊరందరికీ ఇళ్ళ స్థలాల యాడ్ వినపడుద్ది, పోయినేడు అదే అయ్యింది.

సామాన్లు చూస్తే: గోనెసంచి నిండా క్యాసెట్లు (వీటి జోలికి ఇప్పుడు పోను), వెనకాల వెండిపూత పొక్కిపోయిన ఎంపీత్రీ సీడీలు, ఒక నోకియా ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్ ఫోను, బాబాయ్ కూతురు అమెరికా నించి పంపిన పాత ఐపాడు, పిన్ని కువైట్‌లో పనిచేసేటప్పుడు తెచ్చిన సోనీ మినీడిస్క్ వాక్‌మన్ (బుల్లి డిస్కుల మీద రికార్డు చేసే మిషను), దాని డిస్కులు, ఇంక జర్దా డబ్బాలో గలగలలాడుతూ మెమరీ చిప్పులు.

డబ్బా చూసి సగం పని అయిపోయినట్టే అనిపించింది, చిప్పులే కదా, రీడర్లో పెట్టి లాగేస్తే సరిపోద్ది. మినీడిస్క్ పట్టుకుని బాబాయ్ మాత్రం వేరే పాట పాడాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఈ పలకల్లో దాసుగారి హరికథ ఉందిరా. ఇందులో మోగుద్ది గానీ కంప్యూటర్లోకి ఎక్కదు. అప్పట్లో నర్సాపురం తీసికెళ్ళి చూపించా, వాళ్ళూ తలలు పట్టుకున్నారు."

నవంబరు, వాన ముసురు

మినీడిస్క్‌తోనే మొదలెట్టా, ఎందుకంటే మిగతావి పోతే ఇంకోచోట దొరుకుతాయి, ఇది దొరకదు. 2003 శ్రీరామనవమికి దాసుగారు రామాలయంలో తొమ్మిది రాత్రులు చెప్పిన కథ, ఆంప్లిఫైయర్ లైన్ అవుట్ నించి నేరుగా రికార్డ్ చేసింది. 74 నిమిషాల డిస్కు మోనోలో పెడితే 148 నిమిషాలు పడుద్ది, ఒక రాత్రి కథకి దాదాపు ఒక డిస్కు. దాసుగారు పోయి చాలా ఏళ్ళయ్యింది, ఇంకెక్కడా రికార్డు లేదు.

ఈ వాక్‌మన్ నెట్‌ఎండీ రకం, అంటే యూఎస్‌బీ ఉంది. అయితే ఆ యూఎస్‌బీ ఒన్‌వే. కంప్యూటర్లోంచి డిస్కులోకి పాట ఎక్కించొచ్చు, డిస్కులోంచి కంప్యూటర్లోకి దించలేం. కొన్న సీడీ నించి ఎక్కించిన పాట అయితే పోన్లే అనుకోవచ్చు, నీ మైకులో నువ్వు రికార్డ్ చేసుకున్నది కూడా దించనివ్వదు. సోనీ వాళ్ళు 2006లో ఎంజెడ్-ఆర్‌హెచ్1 అనే మోడల్ తెచ్చాకే పాత డిస్కుల్లో సొంత రికార్డింగులు దించుకునే దారి ఇచ్చారు, అప్పటికి మినీడిస్క్ కొనేవాడే తగ్గిపోయాడు.

ఎందుకిలా అంటే అప్పటి భయం అలాంటిది. డిజిటల్ కాపీకి అరుగుదల ఉండదు, వందో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటది, క్యాసెట్టుకి కాపీ కొడితే వచ్చే బుస్సుమనే శబ్దమే అన్నాళ్ళూ కంపెనీలకి కాపలా. అమెరికాలో 1992 చట్టంతోనే ఇళ్ళల్లో వాడే డిజిటల్ రికార్డర్లలో కాపీకి కాపీ తియ్యనివ్వని ఏర్పాటు తప్పనిసరి చేశారు. తర్వాత ఎంపీత్రీ వచ్చింది, 1998లో రియో పీఎంపీ300 అనే బుల్లి ప్లేయర్ వచ్చింది, 32 ఎంబీ ఫ్లాష్ మెమరీ, 200 డాలర్లు. 128 కేబీపీఎస్‌లో పట్టేది అరగంట పాటలు, అంతే. దాని మీద రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెళ్ళింది, 1999లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. ఈలోపు 1998 చివర్లో పాటల కంపెనీలూ ఎలక్ట్రానిక్స్ కంపెనీలూ కూర్చుని ఎస్‌డీఎంఐ అని ఒకటి పెట్టుకున్నారు, ఇకమీదట వచ్చే ప్లేయర్లన్నీ మా తాళం రూలు పాటించాలని. సోనీ వాళ్ళ ఓపెన్‌ఎంజీ తాళం ఆ పద్ధతిలోదే, ఒక పాటని కంప్యూటర్ నించి మూడు సార్లే బయటికి పంపొచ్చు, నాలుగోసారి కావాలంటే ముందు పంపినది ఒకటి వెనక్కి జమ చెయ్యాలి.

2000 సెప్టెంబరులో ఎస్‌డీఎంఐ వాళ్ళే దమ్ముంటే పగలగొట్టండి అని తమ వాటర్‌మార్కుల్ని (పాటలో వినపడకుండా దాచే గుర్తుల్ని) బయటపెట్టారు. ప్రిన్స్‌టన్‌లో ఎడ్వర్డ్ ఫెల్టెన్ అనే ప్రొఫెసరు, ఆయన జట్టు పగలగొట్టి చూపించారు. ఆ పేపరు చదవబోతే కేసు పెడతామన్న బెదిరింపులు, మళ్ళీ దాని మీద గొడవలు, చివరికి 2001 ఆగస్టులో యూస్‌నిక్స్ అనే కంప్యూటర్ల వాళ్ళ సంఘం సమావేశంలో చదివారు. ఎస్‌డీఎంఐ అప్పటికే చల్లబడిపోయింది. కమిటీ పోయింది గానీ దాని లెక్కల ప్రకారం తయారైన మిషన్లు ఇళ్ళకి చేరిపోయాయి, అందులో ఒకటి కువైట్ నించి మా ఊరొచ్చింది. తాళం వేసింది కంపెనీ పాటలకి, లోపల ఇరుక్కుంది దాసుగారు.

పని దగ్గరికొస్తే, ఈ మధ్య ఔత్సాహికులు సోనీ మోడళ్ళ ఫర్మ్‌వేర్‌లో (మిషన్ని లోపల నడిపే ప్రోగ్రాములో) సందులు కనిపెట్టి బ్రౌజర్లోంచే దించేస్తున్నారు. మన వాక్‌మన్‌కి యూఎస్‌బీ సాకెట్ ఉప్పుగాలికి పచ్చగా చిలుంపట్టి కూర్చుంది, ఆ దారి లేదు. హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రం బాగుంది. ఏ తాళమైనా చివరికి చెవి దాకా రావాల్సిందే కదా, అక్కడ పట్టుకోవడమే. మెనూలో ఆడియో అవుట్‌ని లైన్ అవుట్‌కి మార్చి, వైరు యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్ ఇన్‌లో పెట్టి, అడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. లెవెల్ మైనస్ 6 డీబీ దాటకుండా చూసుకోవాలి, హరికథలో దాసుగారు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి గజ్జె కొట్టి అందుకుంటారు, అక్కడ పగిలిపోద్ది. వేవ్ ఫైలు నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు, ఒక నిండు డిస్కు దాదాపు 780 ఎంబీ.

దీనికి తొందరపెట్టే మార్గం లేదు, రెండున్నర గంటల కథ రెండున్నర గంటలు వినాల్సిందే. బాబాయ్ స్టూలేసుకుని పక్కనే కూర్చున్నాడు. మూడో రాత్రి కథలో సీతమ్మవారి పెళ్ళి మధ్యలో దాసుగారు ఆగి "ఆ జనరేటరు దూరంగా పెట్టండర్రా, జనకుడికి నా మాట వినపడట్లా" అన్నారు, జనం నవ్వులు, ఆ నవ్వుల్లో తన నవ్వు ఇదీ అని బాబాయ్ చూపించాడు. కరెంటు పోయినప్పుడు కూడా ఆగలేదు, వాక్‌మన్‌కి పక్కన తగిలించే డబ్బాలో మామూలు పెన్సిల్ సెల్లు సరిపోద్ది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది.

దాసుగారి అబ్బాయి తణుకులో ఉంటారు, ఫోన్ చేసి అడిగాను. మన కాపీరైటు చట్టంలో ప్రదర్శన ఇచ్చినవాళ్ళ హక్కు 50 ఏళ్ళు ఉంటది, గుడిలో చెప్పింది కదా అని ఊరిది అయిపోదు. 2012లో కలిపిన 65ఏ సెక్షన్ తాళాల గురించే, హక్కుల్ని కొల్లగొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, చట్టం ఒప్పుకునే పనికోసమైతే ఆ సెక్షన్ అడ్డం రాదు. ఆయనకి ఇదంతా అక్కర్లేదు. "ఆయ్, వేసుకోండి బాబూ. మా ఇంట్లో నాన్నగారి గొంతు ఒక్కటీ లేదండీ, నాకూ ఒకటి ఇప్పించండి" అన్నారు.

నవంబరు మధ్య

నోకియా ఫోను: ఛార్జింగ్ ఎక్కింది, పాటలు వచ్చేశాయి, నాలుగు రింగ్‌టోన్లు మాత్రం పంపడం కుదరదంది. అప్పట్లో ఎస్సెమ్మెస్ కొట్టి డబ్బులు కట్టి దించుకున్నవి, ఫార్వర్డ్ లాక్ ఉంటది, ఆ ఫోన్లో మోగాలి తప్ప బ్లూటూత్‌లో కూడా పక్క ఫోనుకి వెళ్ళవు. వదిలేశా. విడ్డూరం ఏంటంటే, అదే రోజుల్లో రింగ్‌టోన్‌కి తాళం వేసి అమ్ముతుంటే, సెంటర్లో రీఛార్జి కొట్టువాడు చిప్పు ఇస్తే చాలు కొత్త సినిమాలన్నీ కలిపి ఎక్కించి పంపేవాడు.

ఐపాడు: 2005 మోడలు, 30 జీబీ, లోపలుంది బుల్లి హార్డ్‌డిస్కు, టిక్కు టిక్కు అంటోంది, ఎక్కువ రోజులు లేదు. కొన్ని పాటలు ఎంపీత్రీలు, కొన్ని ఎంఫోర్‌పీలు. ఎంఫోర్‌పీ అంటే ఐట్యూన్స్‌లో కొన్నవి, ఫెయిర్‌ప్లే తాళం ఉన్నవి, కొన్నవాళ్ళ అకౌంటుతో ఒప్పుకున్న ఐదు కంప్యూటర్లలోనే తెరుచుకుంటాయి. చెల్లెమ్మకి ఫోన్ చేస్తే అక్కడ తన కంప్యూటర్లో తెరిచి ఆడియో సీడీగా రాసి, దాన్నే మళ్ళీ ఎంపీత్రీ చేసి పంపింది, సీడీ రాసుకోవడం అనేది యాపిల్ వాళ్ళే మొదట్నించీ ఇచ్చిన తలుపు. తలుపు తెరిచే ఉంచి కిటికీలకి అన్ని గడియలు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ తనే ఈ తాళాలు తీసేద్దామని బహిరంగ లేఖ రాశాడు, 2009కల్లా ఐట్యూన్స్ పాటలకి తాళం పోయింది.

ఆ ఐపాడు విప్పి చూస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అదే 2005లో యాపిల్ హార్డ్‌డిస్కు వదిలి ఫ్లాష్‌తో ఐపాడ్ నానో తెచ్చింది, ఆ నవంబరులో హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శాంసంగ్, తోషిబా అయిదుగురితో 2010 దాకా సప్లై ఒప్పందాలు చేసుకుని 125 కోట్ల డాలర్లు ముందే కట్టేస్తానంది. మనూళ్ళో వరి కోతకి ముందే మిల్లువాళ్ళు అడ్వాన్సులిచ్చి బుక్ చేసుకున్నట్టు. పాటల కోసం మొదలైన ఆకలి అది, జేబులో పాటలు పెట్టుకోవాలన్న కోరికే మెమరీ ఫ్యాక్టరీలని పెంచింది. దానికి ముందు ఫ్లాష్ అంటే ఎక్కువగా కెమెరాల వాళ్ళ సరుకు.

నవంబరు చివర

ఇవ్వాళ జర్దా డబ్బా. చిప్పుల కొసలకి ఉన్న బంగారు పూత కాంటాక్టులు రబ్బరుతో తుడిచి ఒక్కోటీ పెట్టాను. కొన్ని పెట్టగానే ఫార్మాట్ చెయ్యాలా అని అడిగాయి. కొన్ని ఫైళ్ళ పేర్లు చూపించాయి, పాట నొక్కితే కీచుమని ఆగిపోతున్నాయి. ఒకటి అసలు కంప్యూటర్‌కే కనపడలేదు. సగానికి సగం పోయినట్టే. బాబాయ్ మొహం చూడాల్సింది, "వాడకుండా దాచిపెట్టినవే పోయినాయేట్రా" అన్నాడు.

అదే కిటుకు. ఫ్లాష్ మెమరీ 1980ల్లో తోషిబాలో ఫుజియో మసువొకా కనిపెట్టింది, ఇప్పుడు చిప్పుల్లో ఉండే నాండ్ రకం 1987 నాటిది. ఇందులో ఒక్కో గదిలో కాసిని ఎలక్ట్రాన్లు బంధించి పెడతారు, ఎన్ని ఉన్నాయన్నదే మన డేటా. బంధించామంటే శాశ్వతంగా కాదు, మెల్లగా కారిపోతూ ఉంటాయి, వేడి తగిలితే ఇంకా తొందరగా. బాబాయ్ షెడ్డు రేకులది, మే నెలలో అందులో మనిషే నిలబడలేడు. పైగా మొదట్లో గదికి ఒక బిట్టే రాసేవాళ్ళు, తర్వాత రెండు, మూడు, ఇప్పుడు నాలుగు దాకా వచ్చారు, అదే గదిలో ఎనిమిది మెట్లు, పదహారు మెట్లు గుర్తుపట్టాలి, కొంచెం కారినా పక్క మెట్టుకి దొర్లిపోద్ది. చవక అయ్యింది అందుకే, మతిమరుపు పెరిగిందీ అందుకే.

నకిలీవి వేరే. మీద 64 జీబీ అని అచ్చు, లోపల 8. కంట్రోలర్ కంప్యూటర్‌కి అబద్ధం చెప్తుంది, నిండాక కొత్త పాట పాత పాట మీదే రాసుకుంటూ పోద్ది. ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో చిప్పు మొత్తం నింపి తిరిగి చదివిస్తే దొరికిపోతాయి, డబ్బాలో రెండు అలా దొరికాయి.

ఇంకో మాట. ఎస్‌డీ కార్డు పుట్టిందే తాళంతో. 1999లో పానసోనిక్, తోషిబా, శాన్‌డిస్క్ కలిసి ప్రకటించినప్పుడు ఎస్‌డీఎంఐ రూళ్ళకి సరిపడే కార్డు అని చెప్పే అమ్మారు, మామూలుగా మనకి కనపడని చోట తాళంచెవులు దాచుకునే జాగా కార్డులోనే పెట్టారు, సీపీఆర్‌ఎం అంటారు. కొన్ని దేశాల్లో కొన్ని ప్లేయర్లు వాడాయి తప్ప మన వైపు ఆ జాగా వైపు చూసినవాడు లేడు, చిప్పు నిండా కాపీ పాటలే. తాళం కోసం చేసిన వస్తువే కాపీ పాటలకి అతిపెద్ద బండి అయ్యింది.

రాత్రి రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. తాళం వేసిన మినీడిస్కులు ఇరవై రెండేళ్ళ తర్వాత ఒక్క గీత లేకుండా మోగాయి, ఎందుకంటే అది మాగ్నెటో ఆప్టికల్, రాయాలంటే లేజరుతో కాల్చి అయస్కాంతం పెట్టాలి, ఊరికే చెరిగిపోదు. ఎవరైనా ఎక్కించుకోగల చిప్పులు మరిచిపోయాయి. అయితే చిప్పుల్లో పోయిన పాటలు పది చోట్ల దొరుకుతాయి, అవి పదిమంది చిప్పుల్లో ఉన్నాయి కాబట్టి. దాసుగారి కథ ఆ వాక్‌మన్ మోటారు ఒకటి ఆగితే పోయేది. ఏ వస్తువైనా ఎప్పుడో పోద్ది, మిగిలేది కాపీలున్నదే, మరి తాళం పనే కాపీలు లేకుండా చూడటం. నాకు ఈ ప్రాజెక్టులో కోపం వచ్చింది ఇక్కడే.

డిసెంబరు మొదటి వారం

పంటు మీద నర్సాపురం వెళ్ళి కార్డులు తెచ్చాను. షాపాయన రేటు చెప్తే రెండోసారి అడిగాను. "పెరుగుతున్నాయండీ, స్టాకు కూడా రావట్లేదు" అన్నాడు. ఏఐ డేటా సెంటర్ల కోసం పెద్ద కంపెనీలు మెమరీ మొత్తం ఎత్తుకుపోతున్నాయి, తయారుచేసేవాళ్ళు లాభం ఎక్కువున్న ఆ సరుకు వైపే మొగ్గుతున్నారు, మామూలు జనం కొనే కార్డులూ పెన్‌డ్రైవులూ వెనకబడ్డాయి. ఇదే వారం మైక్రాన్ అయితే జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండే ఆపేస్తున్నాం అని ప్రకటించింది. అక్కడెక్కడో సర్వర్లు పెడితే ఇక్కడ రామాలయం కార్డు రేటు పెరగడం, ఏం చేస్తాం. మంచి కంపెనీవి 32 జీబీ మైక్రో ఎస్‌డీలు తీసుకున్నా, ఇంటికి రాగానే ఎఫ్3 పెట్టా, అన్నీ అసలువే.

పెట్టె కట్టడం: మెదడు డీఎఫ్‌ప్లేయర్ మినీ, కార్డులోంచి పాటలు మోగించే బుల్లి బోర్డు. 32 జీబీ దాకా ఫ్యాట్32 కార్డు చదువుద్ది, చవక. అసలు చిప్పు వైఎక్స్5200, నాకొచ్చిన దాని మీద వేరే నంబరుంది, పనైతే చేస్తోంది. దాన్ని నడిపేది 3.3 వోల్టుల ఆర్డ్యూయినో ప్రో మినీ, ఏ బటన్ నొక్కారో చూసి ఏ పాటో చెప్పే బుల్లి కంట్రోలర్ బోర్డు. వాల్టేజీలు కలుస్తాయి కాబట్టి గొడవ లేదు, అయినా ప్లేయర్ ఆజ్ఞలు అందుకునే ఆర్‌ఎక్స్ లైన్లో 1కె రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే వెనకాల సన్నగా ఈగ ముసిరినట్టు శబ్దం. మాడ్యూల్లోనే 3 వాట్ల ఆంప్లిఫైయర్ ఉంది గానీ మనకొద్దు, డాక్ పిన్నుల నించి లైన్ లెవెల్ తీసి అహూజాకి ఇస్తున్నా.

పవర్‌బ్యాంక్ పెట్టి చూస్తే కాసేపటికి ఆరిపోతోంది, ఈ పెట్టె తీసుకునే కరెంటు మరీ తక్కువ, ఫోను ఫుల్లయిపోయిందనుకుని ఆపేస్తుంది. అందుకని 18650 అనే ఛార్జింగ్ లిథియం సెల్లు ఒకటి, దానికి టీపీ4056 ఛార్జింగ్ బోర్డు. సెల్లు నించి నేరుగా నడుస్తుంది, ఊళ్ళో కరెంటుతో సంబంధం లేదు.

కార్డులో ఫోల్డర్లకి 01, 02 అని రెండంకెల పేర్లు, లోపల ఫైళ్ళకి 001, 002 అని మూడంకెలు. ఎర్ర బటన్ సుప్రభాతం, పచ్చది హరికథ, పసుపుది సన్నాయి, నీలంది తిరుప్పావై. ఫైళ్ళని వరసలోనే ఒక్కొక్కటిగా కాపీ చెయ్యాలి, కొన్నిసార్లు ఇది పేరు చూడకుండా కార్డులోకి ఏది ముందొచ్చిందో అదే మొదటిది అనుకుంటుంది. బాబాయ్‌కి బాగా నచ్చింది అడ్వర్ట్ ఫోల్డరు. అందులో పెట్టిన ఫైలు, మోగుతున్న పాటని మధ్యలో ఆపి మోగి, అయ్యాక పాటని ఆగిన చోట్నించే మళ్ళీ అందుకుంటుంది. తన గొంతుతోనే "భక్తులు ప్రసాదాలు స్వీకరించవలసిందిగా" రికార్డ్ చేయించాడు, "పిల్లలు చెప్పులు వరసలో పెట్టండి" అని ఇంకోటి, దీనికి వేరే బటన్ కావాలన్నాడు, పెట్టాను.

డిసెంబరు రెండో వారం

రామాలయంలో ట్రయల్. పెట్టగానే హమ్, బొయ్యిన. పెట్టె బ్యాటరీ మీదుంటే లేదు, ఛార్జరు గుచ్చితే వస్తోంది, అంటే గ్రౌండ్ లూపు, రెండు మిషన్ల ఎర్తుల మధ్య కరెంటు చుట్టు తిరగడం. మధ్యలో ఒన్ టు ఒన్ ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోయింది. ఉప్పుగాలికి పెట్టె లోపల సిలికా జెల్ పొట్లాలు వేశా, మూతకి రబ్బరు వాచరు.

సినిమా భక్తి పాటల సంగతి పూజారిగారు అడిగారు, గుళ్ళో వేస్తే ఎవరికైనా డబ్బు కట్టాలా అని. నిజమైన మతపరమైన కార్యక్రమంలో వేస్తే ఉల్లంఘన కాదని చట్టంలోనే ఉంది, పెళ్ళి ఊరేగింపు కూడా అందులోకే వస్తుంది. బాబాయ్ ఆనందానికి హద్దుల్లేవు, ఇన్నేళ్ళూ దొంగ పని చేస్తున్నానేమో అనుకున్నాడట.

దాసుగారి కథ వేవ్ ఫైళ్ళు ఒకటి నా హార్డ్‌డిస్కులో, ఒకటి బాబాయ్ ఇంట్లో (షెడ్డులో కాదు, బీరువాలో), ఒకటి తణుకు. పెట్టెలో ఉన్నది ఎంపీత్రీ, అది పోయినా పర్లేదు. మూత లోపల కాగితం అంటించా: ఏటా దీపావళికి కార్డు కంప్యూటర్లో పెట్టి మొత్తం చెరిపి మళ్ళీ రాయాలి, కారిపోయిన ఛార్జి మళ్ళీ నిండుద్ది.

డిసెంబరు 16 తర్వాత

నెలగంట రోజు తెల్లారుజామున ఎర్ర బటన్ నొక్కాడు, మోగింది. రెండో రోజు పచ్చది నొక్కి హరికథ పెట్టేశాడు, చలికి ముసుగేసుకున్నవాళ్ళు లేచొచ్చి ఇదేంటి పొద్దున్నే అంటే తియ్యనన్నాడు. ఒక ముసలాయన మాత్రం గుడి అరుగు మీద కూర్చుని మొత్తం విని వెళ్ళాడు. మిగిలిన పనల్లా వాల్యూమ్ నాబ్ ఒకటి, కాస్త బరబరమంటోంది, మార్చాలి.

అంతర్వేది వైపు మైకుసెట్టాయన ఒకరు చూసి తనకీ ఇలాంటిదే చేసిపెట్టమన్నాడు. చేస్తాను గానీ కార్డు మాత్రం మీరే తెచ్చుకోండి, అదీ రేపే కొనండి అని చెప్పాను.